కీహోల్ ఆపరేషన్ గాటు దగ్గర గట్టి గడ్డ: గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ తిరగబెట్టిందేమోనన్న అనుమానం

తెనాలి నుంచి ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న సారాంశం ఇది. ఆమె తల్లికి యాభై దాటాయి, షుగరు ఉంది. ఏడాది పైచిలుకు క్రితం గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ తొలి దశలో ఉందని తేలితే, విజయవాడలో కీహోల్ పద్ధతిలో (పొట్ట మీద చిన్న గాట్లు పెట్టి చేసే లాపరోస్కోపీ) గర్భసంచిని, దాని చుట్టూ ఉన్న కణజాలాన్ని, కటి భాగంలోని లింఫు గ్రంథులను తొలగించారు. తరువాత కరెంటు (రేడియేషన్ చికిత్స) పెట్టించాల్సిన అవసరం లేదన్నారు. ఇప్పుడు బొడ్డుకు ఎడమ వైపున, కింది గాటు మచ్చ దగ్గర చర్మం కింద ఒక గడ్డ తగిలింది. రెండు నెలల్లో అది గోళీకాయంత అయింది. దగ్గర్లోని ఆసుపత్రిలో దాన్ని లోపలి కుట్టు ముడి అన్నారు, యాంటీబయాటిక్ ఇచ్చారు, తగ్గకపోతే మత్తు సూది వేసి అక్కడే తీసేద్దామన్నారు. ఇది క్యాన్సరేనా, కీహోల్ చేయించడమే పొరపాటా, ఇప్పుడు ఏం చేయాలి, మొదట ఆపరేషన్ చేసిన డాక్టరు గారి దగ్గరికే వెళ్ళాలా అని ఆమె అడిగారు.

మొదట చేయకూడని పని చెబుతాను, ఎందుకంటే అది ఈ వారంలోనే జరిగిపోయేలా ఉంది. ఆ గడ్డను స్థానికంగా మత్తు ఇచ్చి, ఓపీ గదిలో పైపైన తీయించకండి. అది నిజంగా కుట్టు ముడే అయితే తీయడం పది రోజులు ఆలస్యమైనంత మాత్రాన నష్టమేమీ లేదు. క్యాన్సరే అయితే, అరకొరగా తీసిన గడ్డ నుంచి కణాలు చుట్టూ ఉన్న కొవ్వులోకి, కండరపు పొరల మధ్యకు చెదురుతాయి, ఆ పైన అసలు ఆపరేషన్ చేసేవారికి ఎంత మేర తీయాలో హద్దు దొరకదు. గుంటూరులో చాలా ఏళ్ళుగా క్యాన్సర్ శస్త్రచికిత్సలు చేస్తున్న నా దగ్గరికి ఇలా ముందే కెలికి పంపినవారు అప్పుడప్పుడూ వస్తూనే ఉంటారు. వారిలో కొందరికి తీసిన ముక్కను ఫార్మలిన్‌లో వేసి పరీక్షకు పంపడం కూడా జరగదు. కాబట్టి ముందు సూదితో ముక్క పరీక్ష, తరువాత స్కానింగు, ఆ రెండూ చేతికి వచ్చిన తరువాతే కత్తి గురించిన ఆలోచన. ఈ వరుస తారుమారు కాకూడదు.

ఇక గడ్డ ఏమై ఉంటుందన్న ప్రశ్న. గాటు మచ్చ దగ్గర కనిపించే ప్రతి గడ్డా క్యాన్సర్ కాదు, నిజానికి ఎక్కువ భాగం కావు. కరగని దారంతో వేసిన లోపలి కుట్టు చుట్టూ కణజాలం గట్టిపడితే చర్మం కింద చిన్న గింజలా తగులుతుంది. అయితే అది సాధారణంగా ఆపరేషన్ అయిన కొద్ది నెలల్లోనే కనిపించి, ఆ తరువాత అదే పరిమాణంలో ఉండిపోతుంది; ఏడాది గడిచాక కొత్తగా పుట్టి నెలనెలా పెరగడం అరుదు. గాటు దగ్గర హెర్నియా అయితే దగ్గినప్పుడు, లేచి నిలబడినప్పుడు ఉబ్బుతుంది, పడుకుంటే చాలాసార్లు లోపలికి పోతుంది. పది మిల్లీమీటర్ల గాట్ల దగ్గర ఇది ఎక్కువ, అయిదు మిల్లీమీటర్ల గాట్ల దగ్గర తక్కువ. మన ప్రాంతపు డాక్టర్లు తప్పక గుర్తు పెట్టుకోవలసిన మరొకటి ఉంది. కీహోల్ పరికరాలు సరిగ్గా స్టెరిలైజ్ కానప్పుడు క్షయ జాతికే చెందిన కొన్ని సూక్ష్మజీవులు గాటులో చేరి, ఆపరేషన్ అయిన కొన్ని వారాల తరువాత, గాటు పైకి మానిపోయినట్టు కనిపించాక, గడ్డ కట్టి నీళ్ళలాంటి చీము కారుస్తాయి. మామూలు యాంటీబయాటిక్కులకు అవి లొంగవు, నెలల తరబడి ప్రత్యేకమైన మందులు వాడాలి. అండాశయాలు తీయకుండా ఉంచినవారిలో, నెలసరి వచ్చే రోజుల్లో నొప్పి పెట్టే ఎండోమెట్రియోసిస్ గడ్డ (గర్భసంచి లోపలి పొరలాంటి కణజాలం బయట పెరగడం) కూడా మచ్చలో ఏర్పడవచ్చు, కానీ మీ అమ్మగారి వయసులో దాన్ని మొదటి అనుమానంగా పెట్టుకోను.

క్యాన్సర్ గడ్డ తీరు వేరుగా ఉంటుంది. మొదట్లో చాలామందికి నొప్పి ఉండదు. వేళ్ళతో పట్టి కదిపితే చర్మం దాని మీద జారుతుంది కానీ గడ్డ మాత్రం కింది కండరానికి అంటుకుని కదలదు. పడుకుని తల కొద్దిగా పైకెత్తి పొట్ట బిగపట్టినప్పుడు హెర్నియాలా ఉబ్బకుండా, ఉన్న చోటే మరింత స్థిరంగా తగులుతుంది. ముదిరిన తరువాత పైచర్మం ఎర్రబారి, ఊదారంగుకు తిరిగి, చివరికి పుండవుతుంది. మీరు రాసినదాంట్లో నన్ను ఆపిన వివరం గడ్డ గట్టిదనం కాదు, రెండు నెలల్లో అది పెరగడం. క్యాన్సర్ ఆపరేషన్ చరిత్ర ఉన్న మనిషికి గాటు దగ్గర పెరుగుతున్న గడ్డ వస్తే, కాదని రుజువయ్యే వరకూ దాన్ని క్యాన్సర్ గానే చూడాలి. యాంటీబయాటిక్ కోర్సుల మీద కోర్సులు మారుస్తూ కూర్చోవడం వల్ల పోయేది కాలమే.

ఈ సంగతి వైద్యులకు కొత్తది కాదు. కడుపులోకి గొట్టం పెట్టి చూసిన గాటు దగ్గర క్యాన్సర్ మొలకెత్తడాన్ని 1978లోనే ఒక అండాశయ క్యాన్సర్ రోగిలో గమనించి నమోదు చేశారు. న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ వైద్యులు 2008లో ప్రచురించిన పరిశీలనలో, కడుపులో క్యాన్సర్ ఉండి లాపరోస్కోపీ చేయించుకున్న 1,694 మంది స్త్రీలలో 20 మందికి, అంటే నూటికి ఒకరికి కాస్త ఎక్కువగా, గాటు దగ్గర తిరగబెట్టింది. ఆ ఇరవై మందిలో ఎక్కువమందివి అండాశయ, పెరిటోనియం (కడుపు లోపలి పొర) క్యాన్సర్లు. ముఖద్వార క్యాన్సర్‌లో ఇది ఇంకా అరుదు. అయితే ఆ పరిశీలనలో ఇంతకంటే ముఖ్యమైన విషయం ఒకటుంది. గాటు దగ్గర గడ్డ వచ్చినవారిలో దాదాపు అందరికీ అదే సమయంలో కడుపు లోపలా, మరో చోటా కూడా జబ్బు ఉంది. అందుకే ఈ సమాధానంలో పదే పదే ఒకే మాట దగ్గరికి వస్తాను: గాటు దగ్గరి గడ్డ మన చేతికి తగిలేది మాత్రమే, మీ అమ్మగారి చికిత్సను నిర్ణయించేది లోపల ఇంకేమైనా ఉందా లేదా అన్నది.

గర్భసంచి అయితే యోని మార్గం గుండానే బయటికి వస్తుంది కదా, పొట్ట మీది గాటుకు క్యాన్సర్ ఎలా చేరుతుందని చాలామంది అడుగుతారు. అది సరైన ప్రశ్నే. దీనికి ఒకటి కాదు, మూడు నాలుగు దారులున్నాయి, ఏ రోగిలో ఏది పనిచేసిందో వెనక్కి వెళ్ళి తేల్చడం సాధారణంగా కుదరదు. అన్నిటికంటే సూటిగా కనిపించేది లింఫు గ్రంథుల దారి. కటి భాగం నుంచి ఒలిచిన గ్రంథులను సంచిలో వేయకుండా, పట్టకారుతో పట్టి నేరుగా గాటు గుండా లాగితే, వాటిలో క్యాన్సర్ ఉన్న పక్షంలో అది గాటు గోడలకు రాసుకుంటూ బయటికి వస్తుంది. క్యాన్సర్‌ను తాకిన పరికరం అదే గాటులోంచి ఆపరేషన్ పొడుగునా లోపలికీ బయటికీ వస్తూ పోతూ ఉంటుంది. కడుపును ఉబ్బించడానికి పంపే కార్బన్ డై ఆక్సైడ్ వాయువు సుమారు 12 నుంచి 15 మిల్లీమీటర్ల పాదరసపు పీడనంతో ఉంటుంది. పరికరాలు దూర్చడానికి గాటులో అమర్చే ట్రోకార్ గొట్టం పక్కన సందు ఉన్నా, ఆపరేషన్ చివర్లో గొట్టాలు ముందు లాగేసి వాయువును గాట్లలోంచి బుస్సుమని వదిలేసినా, ఆ ఒరవడిలో తేలుతున్న కణాలు కోసిన కణజాలంలో చిక్కుకుంటాయి. పచ్చిగా ఉన్న గాయం కణాలు నాటుకోవడానికి అనువైన చోటు. రక్తం ద్వారా, లింఫు ద్వారా ఆ మచ్చకు చేరడం కూడా సాధ్యమే, ఎందుకంటే కీహోల్ కాకుండా పొట్ట కోసి చేసిన ఆపరేషన్ మచ్చలో కూడా చాలా అరుదుగా ఇలా జరిగిన సందర్భాలున్నాయి.

ముఖద్వార క్యాన్సర్‌కు ప్రత్యేకమైన ఇబ్బందులు మరో రెండున్నాయి. కీహోల్‌లో గర్భసంచిని అటూ ఇటూ తిప్పడానికి యోని గుండా ముఖద్వారంలోకి మానిప్యులేటర్ అనే ఇనుప కడ్డీని ఎక్కిస్తారు. క్యాన్సర్ ఉన్నది సరిగ్గా ఆ ముఖద్వారం మీదే. కడ్డీ రాపిడికి గడ్డ చిదిమి కణాలు రాలుతాయన్నది ఊహాజనితం కాదు; కంటికి కనిపించేంత గడ్డ ఉన్నచోట కడ్డీ తీసినప్పుడు దాని మీద రక్తంతో పాటు పొలుసుల్లాంటి కణజాలం అంటుకుని ఉండడం థియేటర్‌లో పనిచేసినవారందరూ చూసిందే. రెండోది, యోని పైభాగాన్ని కోసే పద్ధతి. పొట్ట కోసి చేసేటప్పుడు గడ్డ కింద యోనిని క్లాంపుతో బిగించి, దాని కింద కోస్తాము కాబట్టి గడ్డ మూసిన సంచిలోనే ఉన్నట్టు బయటికి వస్తుంది. కీహోల్‌లో సాధారణంగా లోపలి నుంచే కోస్తారు. తల వైపు దించి పడుకోబెట్టిన రోగి కడుపులోకి, వాయువు సుడులు తిరుగుతుండగా, గడ్డ ముఖం తెరుచుకుంటుంది. గాట్లు పొట్ట మీద ఉండవచ్చు గాని అసలు విత్తనం ఇక్కడే పడి ఉండవచ్చు.

2018 నవంబరులో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన లాక్ ట్రయల్ ఫలితాలు ప్రపంచమంతటా ముఖద్వార క్యాన్సర్ శస్త్రచికిత్సను మార్చడానికి నేపథ్యం ఇదే. అమెరికాలోని ఎమ్.డి. ఆండర్సన్ కేంద్రానికి చెందిన పెడ్రో రమిరెజ్ నాయకత్వంలో వివిధ దేశాల్లోని 33 కేంద్రాలలో, తొలి దశ ముఖద్వార క్యాన్సర్ ఉన్న 631 మంది స్త్రీలను రెండు వర్గాలుగా చీటీల పద్ధతిలో విభజించి, 319 మందికి కీహోల్ లేదా రోబోటిక్ పద్ధతిని, 312 మందికి పొట్ట కోసే పద్ధతిని కేటాయించారు. కీహోల్ పద్ధతి పాత పద్ధతికి తీసిపోదని రుజువు చేయడానికి మొదలైన ప్రయోగం అది. నాలుగున్నరేళ్ళకు జబ్బు తిరగబెట్టకుండా ఉన్నవారు పొట్ట కోసిన వర్గంలో 96.5 శాతం, కీహోల్ వర్గంలో 86 శాతం. మూడేళ్ళకు బతికి ఉన్నవారు వరుసగా 99 శాతం, 93.8 శాతం. తేడా ఇంతగా కనిపించడంతో రోగుల భద్రతను చూసే కమిటీ సూచన మీద కొత్తవారిని చేర్చుకోవడం ముందే ఆపేశారు. అదే సంచికలో వచ్చిన మరో అధ్యయనం అమెరికాలోని ఆసుపత్రుల రికార్డుల నుంచి 2,461 మంది వివరాలు తీసి చూసినప్పుడు, నాలుగేళ్ళలో మరణించినవారు కీహోల్ తరువాత 9.1 శాతం, పొట్ట కోసిన తరువాత 5.3 శాతం ఉన్నట్టు చెప్పింది. లాక్ ట్రయల్ కీహోల్ వర్గంలో తిరగబెట్టిన జబ్బులో ఎక్కువ భాగం పొట్ట గాట్ల దగ్గర కాదు, కటి భాగంలోనూ కడుపు లోపలి పొర మీదా. మళ్ళీ అదే మాట: గాటు ఒక్కటే చూసి ఊరుకోకూడదు.

మరి కీహోల్ చేయించడం పొరపాటా? ఇక్కడ న్యాయంగా మాట్లాడాలి. 2018కి ముందు ఈ పద్ధతిని ప్రపంచంలోని పెద్ద పెద్ద కేంద్రాలన్నీ మంచిదనే నమ్మి చేశాయి. నొప్పి తక్కువ, రక్తం పోవడం తక్కువ, ఇంటికి త్వరగా పంపవచ్చు. 2018 తరువాత పరిస్థితి వేరు. ఈ ఫలితాలను రోగికి చెప్పకుండా కీహోల్ చేయడం సరికాదన్నది నా అభిప్రాయం. ఇప్పటికీ రెండు సెంటీమీటర్ల లోపు గడ్డ ఉన్నవారిలో, మానిప్యులేటర్ వాడకుండా, యోనిని ముందే కింది నుంచి కుట్టి మూసి, గ్రంథులను సంచిలో వేసి తీస్తూ కీహోల్ చేస్తున్న నిపుణులున్నారు. 2020లో వెలువడిన సక్కర్ అనే యూరప్ అధ్యయనంలో, 693 మంది రోగుల వివరాలలో, మానిప్యులేటర్ వాడినవారికి జబ్బు తిరగబెట్టే అవకాశం రెండు రెట్లకు పైగా ఎక్కువ కనిపించింది. యోనిని ముందే మూసి చేసినవారి ఫలితాలు పొట్ట కోసినవారి ఫలితాలకు దగ్గరగా ఉన్నాయి. అయితే అది వెనక్కి తిరిగి చూసిన లెక్కే గాని, చీటీలు వేసి చేసిన పరీక్ష కాదు. ముఖద్వారం నుంచి శంకువు ఆకారపు ముక్కను ముందే తీసి, గడ్డ ఏమీ మిగలని స్థితిలో ఆపరేషన్ చేయించుకున్నవారికి ప్రమాదం తగ్గుతుందన్న ఆధారాలూ ఉన్నాయి. నా మటుకు నేను కంటికి కనిపించే గడ్డ ఉంటే పొట్ట కోసే చేస్తాను. కాబట్టి మీ అమ్మగారి ఆపరేషన్‌ను తప్పో ఒప్పో తేల్చాలంటే గడ్డ ఎంత ఉందో, మానిప్యులేటర్ వాడారో లేదో, గ్రంథులు ఎలా బయటికి తీశారో ఆపరేషన్ నోట్సులో చూడాలి. అది చూడకుండా ఎవరి మీదా నింద వేయలేము.

ఒక చిన్న పక్క మాట. ఇది చదివి, గర్భసంచి లోపలి పొర క్యాన్సర్‌కు కీహోల్ చేయించుకున్నవారు కంగారు పడవద్దు. ఆ జబ్బు తీరు వేరు. 2,616 మందితో జరిగిన ల్యాప్ 2 అనే పెద్ద ప్రయోగంలో రెండు పద్ధతుల ఫలితాలు దగ్గరదగ్గరగానే వచ్చాయి, అక్కడ కీహోల్ నేటికీ మంచి పద్ధతే. అసలు ఆందోళన పడాల్సింది మరొక చోట. తెల్లబట్ట, రక్తస్రావం అని వెళితే ముఖద్వారాన్ని స్పెక్యులమ్ అనే పరికరంతో చూడకుండా, ముఖద్వారపు కణాలను చూసే పాప్ పరీక్ష చేయించకుండా గర్భసంచి తీసేయడం మన కృష్ణా, గుంటూరు ప్రాంతంలో ఇంకా పూర్తిగా పోలేదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలలో గర్భసంచి తొలగింపులు దేశంలో బాగా ఎక్కువగా కనిపించే రాష్ట్రాల్లో మనది ఒకటి. అలా తీసిన గర్భసంచి రిపోర్టులో క్యాన్సర్ అని వస్తే, అందులోనూ పెద్ద సంచిని కడుపులోనే మిషనుతో ముక్కలు చేసి గాటులోంచి లాగి ఉంటే, గాట్ల దగ్గరా కడుపు పొర మీదా క్యాన్సర్ మొలిచే ప్రమాదం ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఈ ముక్కలు చేసే మిషన్ల మీద అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2014లోనే హెచ్చరిక జారీ చేసింది.

ఇప్పుడు మీరు చేయించాల్సిన పరీక్షలు. మొదటిది పొట్ట గోడ అల్ట్రాసౌండు, దానితోనే చూసుకుంటూ ట్రూకట్ సూదితో ముక్క పరీక్ష. సన్నసూదితో కణాలు మాత్రమే పీల్చే ఎఫ్‌ఎన్‌ఏసీ కంటే ఇది మేలు, ఎందుకంటే ముక్క దొరికితే పాత క్యాన్సర్ ముక్కతో పోల్చి చూడవచ్చు, క్యాన్సర్ రకాన్ని గుర్తుపట్టడానికి పీ16 వంటి రంగు పరీక్షలూ, అవసరమైతే కొన్ని కొత్త మందులు పనిచేసే అవకాశాన్ని చెప్పే పీడీఎల్1 పరీక్షా అదే ముక్క మీద చేయవచ్చు. చీము ఉంటే దానిలో కొంత కల్చరుకు, క్షయ జాతి సూక్ష్మజీవుల పరీక్షకు తప్పక పంపమనండి. సూది గుచ్చితే క్యాన్సర్ పాకుతుందన్న మాట మన ఊళ్ళలో చాలా బలంగా ఉంది. సూది దారిలో కణాలు పడే అవకాశం అసలు లేదనను గాని, ఆ దారిని తరువాత ఆపరేషన్‌లో గడ్డతో పాటు కలిపి తీసేస్తాము. అందుకే సూది ఎక్కడ గుచ్చాలో ఆపరేషన్ చేయబోయే సర్జనుతో మాట్లాడి నిర్ణయించడం మంచిది. ఏమిటో తెలియకుండా కత్తి పెట్టడం దీనికంటే చాలా ప్రమాదకరం.

ముక్క పరీక్షలో క్యాన్సర్ అని వస్తే ఒళ్ళంతా చూసే పెట్ సీటీ, కటి భాగానికి ఎమ్మారై. పెట్ సీటీ విజయవాడలోనే దొరుకుతుంది. మీ అమ్మగారికి షుగరు ఉంది కాబట్టి ఒక జాగ్రత్త: పరీక్ష రోజు షుగరు 200 దాటితే ఫలితం నమ్మదగ్గట్టు రాదు, చాలాచోట్ల వాయిదా వేస్తారు. మెట్‌ఫార్మిన్ వాడుతుంటే పేగుల దగ్గర కాంతి ఎక్కువ కనిపించి అసలు జబ్బును మరుగుపరుస్తుంది. దాన్ని ఎప్పుడు ఆపాలో, ఆపిన రోజుల్లో షుగరు ఎలా చూసుకోవాలో ముందే పరీక్షా కేంద్రాన్నీ షుగరు డాక్టరునూ అడగండి, సొంతంగా ఆపవద్దు. యోని పైకొసను కూడా లోపలి పరీక్షతో చూడమనండి, ఎందుకంటే అక్కడ చిన్న పుండు ఉంటే స్కానింగులో తప్పిపోవచ్చు.

చికిత్స రెండు దారుల్లో సాగుతుంది. గాటు దగ్గర తప్ప ఇంకెక్కడా జబ్బు లేదని తేలితే, నయం చేయాలన్న ఉద్దేశంతోనే ముందుకు వెళతాము. పైచర్మం, మచ్చ, కొవ్వు, కండరం, లోపలి పొర అన్నీ కలిపి, చుట్టూ ఆరోగ్యంగా ఉన్న అంచుతో సహా గడ్డను ఒకే ముక్కగా తీసి, లోటు పడిన పొట్ట గోడను మెష్ అనే వలతో కప్పుతాము. అదే ఆపరేషన్‌లో కడుపు లోపల కూడా చూస్తాము. తరువాత ఆ చోటుకు కరెంటు, దానితో పాటు సిస్‌ప్లాటిన్ మందు పెట్టాలా అన్నది రేడియేషన్ డాక్టరుతో కలిసి నిర్ణయించాలి. మీ అమ్మగారికి మొదటిసారి కరెంటు పెట్టలేదు కాబట్టి మోతాదు విషయంలో చేతులు కట్టేసినట్టు ఉండదు. ఒకవేళ ముందు కటి భాగానికి కరెంటు పెట్టించుకున్నవారైనా, కిరణాలను గడ్డ ఆకారానికి తగ్గట్టు మలిచే ఈ కాలపు ఐఎమ్మార్టీ పద్ధతిలో పొట్ట ముందు గోడకు మోతాదు తక్కువే అందుతుంది కనుక ఆ చోటుకు మళ్ళీ పెట్టే అవకాశం చాలాసార్లు మిగిలే ఉంటుంది. అదే కారణంగా, కరెంటు పెట్టించాము కదా గాటు దగ్గర రాదు అనుకోవడానికీ లేదు.

లోపల కూడా వ్యాపించి ఉంటే ముందు మందులే. పాక్లిటాక్సెల్, దానితో సిస్‌ప్లాటిన్ గాని కార్బోప్లాటిన్ గాని మూడు వారాలకొకసారి ఇస్తారు. వీటికి గడ్డకు కొత్త రక్తనాళాలు పెరగకుండా చూసే బెవాసిజుమాబ్ కలిపితే సగటు ఆయుష్షు 13.3 నెలల నుంచి 17 నెలలకు పెరిగినట్టు 2014లో వచ్చిన ప్రయోగం చూపింది. దానికి మన దేశంలో తయారైన చవక రకాలు ఇప్పుడు దొరుకుతున్నాయి. పీడీఎల్1 ఉన్నవారిలో, ఒంటి రోగనిరోధక శక్తిని క్యాన్సర్ మీదికి మళ్ళించే పెంబ్రోలిజుమాబ్ కలిపితే మరింత మేలని 2021లో తేలింది. దాని ఖర్చు మాత్రం మధ్యతరగతి కుటుంబానికి తట్టుకోలేనంత. పొలమో ఇల్లో అమ్మేందుకు సిద్ధపడే ముందు ఆ మందు వల్ల మీ అమ్మగారి పరిస్థితిలో ఎంత ప్రయోజనం ఉంటుందో డాక్టరుతో కూర్చుని నిదానంగా మాట్లాడండి. అలా అడిగినందుకు ఏ మంచి డాక్టరూ చిన్నబుచ్చుకోరు. గడ్డ పుండు పడి వాసన, రక్తం వస్తుంటే, జబ్బు లోపల ఉన్నా సరే, బాధ తగ్గించడానికి గాటు దగ్గర కొద్ది రోజుల కరెంటు పెట్టించడం చాలా ఉపయోగం.

పాత కాగితాల గురించి కాస్త గట్టిగానే చెబుతాను. డిశ్చార్జి సమ్మరీ ఒక్కటే సరిపోదు. ఆపరేషన్ నోట్సు ప్రతి, గర్భసంచి ముక్క పరీక్ష పూర్తి రిపోర్టు, ఆ ముక్కల స్లైడ్లు, మైనపు బ్లాకులు తీసుకోండి. రిపోర్టులో గడ్డ కొలత, ముఖద్వారంలో ఎంత లోతుకు దిగింది, లింఫు, రక్తనాళాల్లో కణాలున్నాయా, అంచులు శుభ్రంగా ఉన్నాయా, పక్క కణజాలంలోకీ గ్రంథుల్లోకీ చేరిందా అన్నవి కావాలి. గ్రంథుల్లో, అంచుల్లో, పక్క కణజాలంలో ఏ ఒక్కదానిలో జబ్బు ఉన్నా ఆపరేషన్ తరువాత మందుతో కలిపి కరెంటు పెట్టడం 2000 సంవత్సరం నుంచీ ఉన్న పద్ధతి. గడ్డ పెద్దదై, లోతుగా దిగి, నాళాల్లో కణాలు కనిపించినవారికీ కరెంటు సలహా ఇస్తారు. మీ అమ్మగారికి అవసరం లేదన్నారు కాబట్టి ఇవేవీ లేవనే అనుకోవాలి, కానీ అది కాగితం మీద చూడాలి. బ్లాకులు ఇవ్వడానికి ల్యాబులు కొంత జాప్యం చేస్తాయి. రాతపూర్వకంగా అడిగి సంతకం చేసి తీసుకోండి, ఎండకు కారులో వదిలేయకండి, మైనం కరుగుతుంది.

ఎక్కడికి వెళ్ళాలంటే, తెనాలి నుంచి మీకు గుంటూరు సర్వజనాసుపత్రిలోని నాట్కో క్యాన్సర్ విభాగం, మంగళగిరి ఎయిమ్స్ రెండూ దగ్గరే. ప్రైవేటులో అయితే సర్జను, రేడియేషన్ డాక్టరు, మందుల క్యాన్సర్ డాక్టరు ముగ్గురూ ఒకే చోట కూర్చుని కేసు చూసే ఆసుపత్రిని ఎంచుకోండి. ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తున్న పథకంలో క్యాన్సర్ ఆపరేషన్, కీమో, కరెంటు ఉన్నాయి; తిరగబెట్టిన జబ్బుకు మళ్ళీ అనుమతి తీసుకోవాలి కాబట్టి ముక్క పరీక్ష రిపోర్టు రాగానే పథకం కౌంటరులో అడగండి.

మొదట ఆపరేషన్ చేసిన డాక్టరు గారి దగ్గరికి వెళ్ళాలా అన్నారు. వెళ్ళండి, అదీ ముందుగానే. ఏ గాటులోంచి గ్రంథులు తీశారో, లోపల ఏం చూశారో ఆయనకు తెలిసినంతగా కాగితం చెప్పలేదు. కోపంతో వెళితే ఆ వివరాలు బయటికి రావు. ఆయన కూడా ముక్క పరీక్ష లేకుండా తీసేద్దామంటే మాత్రం, కాగితాలూ బ్లాకులూ తీసుకుని మరొక క్యాన్సర్ సర్జనుకు చూపించండి. గడ్డ కుట్టు ముడి అని తేలినా సరే, మొదటి రెండేళ్ళూ మూడు నుంచి ఆరు నెలలకొకసారి, ఆ పైన అయిదేళ్ళు నిండే వరకు ఆరు నెలల నుంచి ఏడాదికొకసారి పరీక్ష మానకూడదు. ఆ ప్రతిసారీ యోని పరీక్షతో పాటు పొట్ట మీది గాట్లన్నిటినీ ఒక్కొక్కటిగా వేళ్ళతో తడిమి చూడమని మీరే అడగండి, ఎందుకంటే రద్దీ ఓపీలో దుప్పటి నడుము పైకి లేపి చూడడం చాలాసార్లు తప్పిపోతుంది.